రెండో గీత

నా చిన్నప్పుడు మండపేటలో కాసిన ఎండలు ఇప్పుడెక్కడివండీ! కాకులు ఎగరలేక మా అరుగు నీడన నడుచుకుంటూ పోయేవి. నమ్మకపోతే మానెయ్యండి, నేను చెప్పేవి మా ఇంట్లోనే ఎవరూ నమ్మరు.

మా వీధి గదిలో మా మావయ్య, అంటే మా అమ్మ తమ్ముడు, రిపేరు షాపు నడిపేవాడు. వేసవి వచ్చిందంటే గది నిండా టేబుల్ ఫ్యాన్లే. అప్పటి ఫ్యాన్లు నిలువునా ఇనుము. ప్లగ్గుకి రెండే పిన్నులు, ఎటు తిప్పి గుచ్చినా దూరేవి. లోపల తీగ ఒరుసుకుపోయి ఇనుముకి తగులుతుంటే, ప్లగ్గు ఒకవైపు పెట్టినప్పుడు ఏమీ తెలియకపోవచ్చు. తిప్పి పెడితే ఫ్యాన్ ఒళ్ళంతా కరెంటే. అందుకని మావయ్య ఒక పద్ధతి పెట్టుకున్నాడు. బాగుచేసిన ఫ్యాన్‌కి టెస్టర్ ఆనించి చూసి, దాని బల్బు వెలగకపోతే ఫ్యాన్ అడుగున సుద్దముక్కతో ఒక గీత. ప్లగ్గు తిప్పి గుచ్చి, మళ్ళీ చూసి, దానికి అడ్డంగా రెండో గీత. రెండు గీతలూ పడనిదే ఏ ఫ్యానూ మా గడప దాటేది కాదు.

నాకు పన్నెండేళ్ళొచ్చిన వేసవి సెలవుల్లో ఆ గీతల పని నాకు అప్పగించాడు. మావయ్య తిట్టే రకం కాదు, కొట్టే రకం కాదు. అంతకన్నా చెడ్డ రకం. ఓసారి వేడి సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని నేను చెయ్యి కాల్చుకుంటే, "ఎలా ఉంది కోడలా, వెచ్చగా ఉందా?" అని తాపీగా అడిగి, ఆ తర్వాతే నీళ్ళు తెచ్చాడు.

వారం రోజులు బుద్ధిగా చేశాను. ఎనిమిదో రోజు పక్కింటి అక్క ముంజలు కొట్టిస్తున్నానని గోడ మీంచి కేకేసింది. మిగిలిన ఆరు ఫ్యాన్లకీ ఒక్కోసారే టెస్టర్ ఆనించి, రెండేసి గీతలు గీసేసి పరిగెత్తాను.

తిరిగొచ్చేసరికి మావయ్య ఒక నీలం ఫ్యాన్ ముందు కూర్చుని ఉన్నాడు.

"ఇది నువ్వు చూసిందేనా?"

"నేనే మావయ్యా."

"తిప్పి కూడా చూశావా?"

"చూశాను. రెండు గీతలున్నాయిగా!"

"మీ అమ్మ మీద ఒట్టెయ్."

నోట్లో ఇంకా ముంజల తీపి ఉంది. "అమ్మ మీదొట్టు" అన్నాను.

ఆయన ప్లగ్గు తిప్పి గుచ్చాడు. ఫ్యాన్ తిరిగింది. రేకుకి టెస్టర్ ఆనించి నా మొహం ముందు పెట్టాడు. లోపలి బుల్లి బల్బు ఎర్రగా వెలిగింది. నాబ్ తిప్పి ఫ్యాన్ ఆపి, స్విచ్‌బోర్డుకి వీపు ఆనించి నిలబడి, పెరట్లోకి కేకేశాడు.

"అక్కా, ఓసారిలా రా! నీకు ఫ్యాన్ పెట్టాను, నీ చేత్తోనే వేసుకో."

గిన్నెలు తోముతున్న అమ్మ తడి చేతులతో, ఉత్త కాళ్ళతో వచ్చింది. "నా మీద ఇంత ప్రేమ ఎప్పటినుంచిరా?" అని నవ్వింది. గుమ్మం నుంచి ఫ్యాన్‌కి నాలుగడుగులు. మావయ్య అమ్మని చూడటం లేదు, నన్నే చూస్తున్నాడు.

"ముట్టుకోకు" అంటే చాలు. మొదటి అడుగుకి, మావయ్య టెస్టర్ లాగేసుకుంటాడని ఆలోచించాను. రెండో అడుగుకి, ఆయనే ఆపుతాడులే అనుకున్నాను. మూడో అడుగుకి, ఒట్టు అబద్ధమని అమ్మకి తెలిసిపోతుందని భయపడ్డాను. నాలుగో అడుగుకి అమ్మ చెయ్యి చాపింది. అప్పుడు కెవ్వుమని అరిచి వెళ్ళి రెండు చేతులతో తోసేశాను. అమ్మ పక్కనున్న బల్లకి కొట్టుకుని కింద పడింది. ఒంటి కింద నలిగిన మణికట్టు ఎండుపుల్లలా విరగడం నాకు వినిపించింది.

మావయ్య వెనక్కి దాచిన పిడికిలి విప్పాడు. అందులో ప్లగ్గు. "ఎప్పుడో ఊడదీశానే" అన్నాడు నవ్వుతూ. అమ్మ చెయ్యి వేలాడటం చూశాక ఆ నవ్వు ఆగింది.

ఎముక వంకరగా అతుక్కుంది. ఆ వేసవంతా అమ్మ చీరలు మావయ్యే పిండి ఆరేశాడు. తప్పయిందని మాత్రం ఎవరితోనూ అనలేదు. నన్నూ వదల్లేదు. మర్నాడు పొద్దున్నే టెస్టర్ నా ఒళ్ళో పడేసి, "ఇంకా అయిదున్నాయి, చూడు" అన్నాడు. ఒక్కోదాన్నీ తిప్పి గుచ్చి చూశాను. ఇంకొకదానికి టెస్టర్ వెలిగింది. చర్చి వెనక ఉండే టీచరుగారిది. వాళ్ళింట్లో పాకే పాప ఉంది.

ఇప్పటికీ నా చేతుల మీదుగా వెళ్ళే ఏ వస్తువునైనా రెండు విధాలా చూసే ఇస్తాను. మా వాళ్ళు చాదస్తమంటారు, అననివ్వండి.

కానీ నేను మోస్తున్నది ఆ అలవాటు కాదు. ఇంటికి చుట్టాలొస్తే అమ్మ ఆ వంకర చెయ్యి గర్వంగా చాపి చెబుతుంది: "నన్ను చూడగానే ఎగిరొచ్చి తోసేసిందండీ నా కూతురు, ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు." అందరూ నమ్ముతారు. మావయ్యకి నిజం తెలుసు, నా మొహంలోనే చూశాడు. పోయేదాకా ఎవరికీ చెప్పలేదు. మాటల్లో కాకుల్ని నడిపించిన దాన్ని, నేనూ ఆ మాట ఇంతవరకూ సరిదిద్దలేదు. అమ్మ చెబుతున్నంతసేపూ తల వంచుకుని ఆ మూడు అడుగులూ లెక్కపెట్టుకుంటాను.