మైపాడు బస్సులో కుక్కపిల్ల

అరవైల్లో ఒక ఎండాకాలం, మైపాడు బస్సులో నా పక్కన కూర్చున్న జాలరి తన కాళ్ళ దగ్గర గోనెపట్టా పరిచి, దానిమీద పొడి ఇసుక పోసి, కుక్కపిల్లను కూర్చోబెట్టాడు.

"సముద్రానికి ఇసక మోసుకుపోతుండావా?" అన్నాడు కండక్టరు.

"చుక్క పడితే తెలియాల గదన్నా."

కుక్కపిల్లకు పుట్టుకతోనే మూత్రపు గొట్టాలు మూత్రపు సంచిలో కలవక, ఎప్పుడూ కారుతూనే ఉండేదట. మద్రాసులో డాక్టరు పొట్ట కోసి, వాటిని సంచిలోకి కుట్టాడట.

"మళ్ళీ కారితే ఇంక చేసేదేం లేదన్నాడయ్యా" అంటూ మాటిమాటికీ ఇసుక తడిమి చూశాడు. నా తెల్లబట్టలు చూసి, "అయ్యగారూ, దీనికోసం ప్రార్థన చేస్తారా?" అని అడిగాడు.

పాస్టరుగా సంఘంలో ఎందరికోసమో ప్రార్థించినవాణ్ణి. కుక్క కోసం ఏ మాటలతో అడగాలో తోచలేదు. మూసిన కళ్ళు తెరుచుకున్నాయి. ఇసుకవైపే చూస్తూ గొణిగాను.

దారిలో బస్సు ఆగింది. కుక్కపిల్ల మూలగడం మొదలుపెడితే అతను దించాడు. అది రెండడుగులు వేసి, రోడ్డు పక్కన కూర్చుని, తనంతట తాను ధారగా పోసింది.

"చూడండయ్యా, ఆపుకొని పోస్తా ఉండాది" అన్నాడతను.

జనం నవ్వారు. నేను లేచి నిలబడి పైకే స్తోత్రం చెప్పాను. ఆ తర్వాత ఏ ఆరాధనలోనూ అంత గట్టిగా చెప్పినట్టు గుర్తులేదు.