ఎలుక కొరికిన జెయింట్ వీల్

మా అవ్వ బేరం చేయకుండా ఒక వస్తువు కొనబోవడం నా జీవితంలో ఒక్కసారే చూశాను. ఆదిలాబాద్‌లో, ఒక ఆదివారం పూట, బొమ్మల దుకాణంలో. ఆ సంగతి చెప్పాలంటే ముందు నా పిచ్చి గురించి చెప్పాలి.

నేను కరీంనగర్‌లో ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను. బాపు బెల్లంపల్లి గనిలో పనిచేసి రిటైరై, కొన్నేళ్లకు పోయాక అవ్వ, అమ్మను నేను అలాగే పిలుస్తాను, నా దగ్గరికి వచ్చేసింది. ఇంట్లో మేమిద్దరమే. ముప్పై అయిదో ఏట నాకు ప్లాస్టిక్ ఇటుకల సెట్ల పిచ్చి పట్టుకుంది. చిన్న చిన్న ముక్కలు ఒకదాని మీద ఒకటి టక్‌మని నొక్కుకుంటూ పోతే ఇల్లో, ఓడో, కారో తయారవుతుంది కదా, అవి. పిల్లల ఆటవస్తువులే అనుకుంటారు గానీ పెద్దవాళ్ల కోసం వేల ముక్కలతో వచ్చేవి కూడా ఉన్నాయి. మొదట ఒక పూలకుండీ కొన్నాను. ఆఖరి రేకు నొక్కిన క్షణాన గదిలో ఎవరూ లేకపోయినా చప్పట్లు కొట్టాను. పొద్దంతా ఊరివాళ్ల షుగరూ కొలెస్ట్రాలూ చూసే మనిషికి అంతకన్నా ఏం కావాలి?

కానీ ధరలు! తొమ్మిది వందలకు కొన్న చిన్న కారు లాంటిదే మరుసటి ఏడు పదమూడు వందలు, ఆ పై ఏడు పదిహేడు వందలు. నేను పైసా పైసా కూడబెట్టుకుని ఒక పెట్టె దాకా చేరేలోపు ఆ పెట్టె ఇంకో మెట్టెక్కి నన్ను చూసి నవ్వేది. అవ్వకు నా బాధ అర్థమయ్యేది కాదు. "పప్పు పిరమైంది, నూనె పిరమైంది, బంగారమైతె చెప్పద్దు. గీ పిలగాండ్ల బొమ్మలు గూడ పిరమైతె ఏడుస్తరా?" అనేది.

అంతా మారింది ఒక్క మెసేజ్‌తో. ఈ పిచ్చి ఉన్నవాళ్లమంతా ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నాం. అందులో హైదరాబాద్ డాక్టర్ ఒకాయన, "మీ దగ్గరున్న లైట్‌హౌస్ సీలు విప్పలేదు కదా, పన్నెండు వేలిస్తాను" అని రాశాడు. నాలుగేళ్ల కింద నేను దాన్ని నాలుగున్నర వేలకు కొన్నాను. విప్పడానికి తీరిక దొరక్క బీరువా మీద పడి ఉంది, అంతే. మెసేజ్ పైకే చదివాను. అవ్వ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఆగిపోయింది.

"పన్నెండు వేలా? విప్పకుంటెనా?"

"అవునవ్వా. కంపెనీ అది తయారుచేయడం బంద్ చేసింది. రిటైర్ అయింది అంటారు. రిటైరయితే ధర పెరుగుతుంది."

అవ్వ చేతిలోని చిక్కుడుకాయను తుంచింది. "మీ బాపు గూడ రిటైరైండు గద. ఒక్కడన్న వచ్చి ఎంతకిస్తవని అడిగిండా?"

ఇద్దరం చిక్కుడుకాయలు కింద పోసి నవ్వాం. నవ్వు ఆగాక అవ్వ లేచి, బీరువా మీది లైట్‌హౌస్‌ను దించి, కొంగుతో దుమ్ము తుడిచి, తన పట్టుచీరల అరలో పెట్టింది. చీరలు బయటికి వచ్చాయి. పెట్టె చుట్టూ కలరా ఉండలు వేసింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో నేను ఆడుకునేదాన్ని, అవ్వ పెట్టుబడి పెట్టేది.

ఎంత ఉత్సాహం ఆమెకు! నేను ల్యాబు నుంచి రాగానే చెప్పులు విడవకముందే "ఇయ్యాల రేటెంత?" అని అడిగేది. ఏ సెట్టు ఎప్పుడు బంద్ అవుతుందో నాకన్నా ముందే పసిగట్టేది. పక్కింటావిడ వెండి కొన్నానని చెబితే, "వెండేం పెరుగుతది, మా పడవ చూడు, ఏడాదిల రెండింతలైంది" అని గర్వంగా చెప్పేది. ఆవిడ మేము గోదావరిలో పడవ నడుపుతున్నామనుకుంది. నేను పొరపాటున ఏదన్నా పెట్టె మూల గీరితే, "చెయ్యి తియ్యవే! గీత పడితె వెయ్యి రూపాలు పాయె!" అని కేక వేసేది.

అయితే కొత్తవాటి ధర మా చేతికి అందనంత పైకి పోయింది. అప్పుడు అవ్వకే ఆలోచన వచ్చింది. "పాత దుకాండ్లల్ల పాత రేటు చీటీ ఉన్న మాలు ఉంటది బిడ్డా. చీరల దుకాండ్లల్ల మేం గట్లనే దొరకబడుతుంటిమి." కరీంనగర్‌లో అన్ని బొమ్మల దుకాణాలూ తిరిగాం. ఏమీ దొరకలేదు. ఇంతలో ల్యాబులో నాతో పనిచేసే ఆదిలాబాద్ అమ్మాయి, వాళ్ల వీధిలో స్కూలు బ్యాగులూ బొమ్మలూ అమ్మే ఒక పెద్దాయన దుకాణం మూసేస్తున్నాడనీ, అద్దాల బీరువాలో ఇలాంటి పెట్టెలేవో చూసిన గుర్తుందనీ చెప్పింది. ఆ ఆదివారం పొద్దున్నే బస్సెక్కాం.

దారి పొడుగునా అవ్వ నాకు పాఠం చెప్పింది. "నువ్వు మాట్లాడకు. ముఖంల సంబురం కనిపించద్దు. నేను సూసుకుంట."

దుకాణం పెద్దాయన తెల్లగడ్డంతో, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలతో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. అద్దాల బీరువాలో ఆరు చిన్న పెట్టెలు. వాటి పైన, అటక మీద, దుమ్ము కింద నుంచి రంగులు కనబడుతూ ఒక పెద్ద పెట్టె. జెయింట్ వీల్! రెండువేల పైచిలుకు ముక్కలు, పిడి తిప్పితే ఇరవై నాలుగు తొట్లు గుండ్రంగా తిరుగుతాయి. రిటైరై ఏళ్లయింది. గ్రూపులో దాని ఫొటో వస్తే చాలు, అందరం దండాలు పెట్టే బొమ్మలు పంపేవాళ్లం.

"చాచా, అది ఎంత?" అని అడగకుండా ఉండలేకపోయాను. అవ్వ నా చేయి గిల్లింది.

పెద్దాయన పెట్టె దించి గుడ్డతో తుడిచాడు. "ఎవరో కాంట్రాక్టర్ బిడ్డ పుట్టినరోజుకని హైదరాబాద్‌కెల్లి తెప్పియ్యమన్నడు. మల్ల రాలే. చీటీ మీద పదకొండు వేలుంది. దుకాన్ బంద్ చేస్తున్న, తగ్గిస్త."

బయట దాని ధర యాభై వేలకు దగ్గర. అవ్వకు ఆ సంగతి తెలుసు. అందుకే ఆమె నోటి నుంచి ఆ మాట వచ్చింది.

"వద్దు భాయ్, తగ్గించకు! పదకొండు వేలిస్తం. కట్టియ్యి."

పెద్దాయన చేతిలో గుడ్డ ఆగింది. కళ్లద్దాలు పైకి జరుపుకుని అవ్వను తేరిపార చూశాడు.

"అక్కా, నలభై ఏండ్ల సంది గీ స్టూలు మీద కూసుంటున్న. తగ్గిస్తనంటె వద్దన్న మనిషిని ఇయ్యాలనే చూస్తున్న. ఏం సంగతి?"

అవ్వ ముఖం కుంకుమలా అయింది. నన్ను చూసింది. నేను స్కూలు బ్యాగులను చూశాను. ఆమె పెదవులు బిగించింది, విప్పింది, మళ్లీ బిగించింది. చివరికి ఫక్కున నవ్వి, కూలబడి, మొత్తం చెప్పేసింది. "దాని రేటు బయట యాభై వేలు నడుస్తుంది భాయ్! పెద్దమనిషివి, నిన్ను ముంచి పోతె నాకు కూడు సయించదు."

పెద్దాయన లోపలికి తిరిగి, "అరే సునో! ఇధర్ ఆవో! మన అటక మీద యాభై వేలున్నయంట!" అని అరిచాడు. వెనక ఇంట్లోంచి ఆయన భార్య పిండి చేతులతోనే పరుగున వచ్చింది. అవ్వ ఆమెకు మొదటి నుంచీ మళ్లీ చెప్పింది. ఆమె నవ్వీ నవ్వీ పిండి చేతులు ముఖానికి పూసుకుంది.

అప్పుడు పెద్దాయన, ఎంతో మర్యాదగా, పెట్టెను వెనక్కి తిప్పాడు. కింది మూలన నా గుప్పెడంత బొక్క. ఎలుక కొరికింది. లోపలి సంచి కూడా చినిగి ఉంది.

"నసీబ్," అన్నాడు చల్లగా. "యాభై వేలు ఎలుక తిన్నది."

సీలు పోతే సగం విలువ పోతుంది. లోపల ముక్కలు తగ్గితే మిగతాదీ పోతుంది. మేము నలుగురం ఆ బొక్క చుట్టూ నిలబడి చూశాం. ఇక అవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"గింత బొక్క పెట్టుకొని పదకొండు వేలెట్ల అడుగుతవ్ భాయ్? ఆరు వేలిస్త."

పెద్దాయన ముఖం వెలిగిపోయింది. "ఆ! ఇప్పుడు అసలు బేరం మొదలైంది. పది!"

వాళ్లిద్దరూ అరగంట సేపు, రెండు కప్పుల చాయ్ మధ్య, కచేరీలా బేరం చేసి ఎనిమిదిన్నర వేలకు కుదుర్చుకున్నారు. మిగతా ఆరు చిన్న పెట్టెలు కూడా కొందామని అవ్వ వేలు చూపిస్తే, పెద్దాయన అద్దాల బీరువాకు తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "గివి అమ్మేది లేదు. నువ్వే నేర్పిచ్చినవ్ గద అక్కా."

తిరుగు బస్సులో, ఆడవాళ్లకు ఉచితం కాబట్టి మా ఇద్దరికీ జీరో టికెట్ కొట్టిన కండక్టర్, పెట్టెకు మాత్రం లగేజీ టికెట్ తీసుకోమన్నాడు. "ఏముంది అందుల?" అని అడిగితే అవ్వ తడుముకోకుండా "జెయింట్ వీల్" అంది. ఆయన పెట్టెను చూశాడు, అవ్వను చూశాడు, టికెట్ చింపి ఇచ్చి ముందుకు పోయాడు. ఇచ్చోడలో ఎక్కిన ఒక పత్తి రైతు మాత్రం నమ్మలేక, పెట్టె మీది బొమ్మను నిర్మల్ దాకా చూస్తూనే ఉన్నాడు.

అమ్మాలంటే ముక్కలన్నీ ఉన్నాయని తేలాలి. తేలాలంటే కట్టి చూడడం ఒక్కటే దారి. అంతవరకు ఏ పెట్టెనూ నన్ను ముట్టుకోనివ్వని మనిషి, పాత బెడ్‌షీట్ పరిచి ముక్కలన్నీ కుమ్మరించింది. బియ్యం ఏరినట్టు రంగుల వారీగా ఏరింది. ఎర్రవి చాటలో, తెల్లవి టిఫిన్ డబ్బాలో, పిసరంత ముక్కలు పోపుల డబ్బాలో. ఎలా కట్టాలో చూపే పుస్తకంలో అక్షరాలు లేవు, అన్నీ బొమ్మలే కాబట్టి ఆమెకు నా అవసరం లేకపోయింది. నేను డ్యూటీకి పోయి వచ్చేసరికి ముప్పై పేజీలు ముందుకు పోయి ఉండేది. "నువ్వు తప్పు పెట్టినవ్ నిన్న. అంత విప్పి మల్ల పెట్టిన," అనేది. నిజమే. తప్పు నాదే.

పన్నెండో రోజున ఇరవై మూడు తొట్లు వేలాడదీశాం. ఇరవై నాలుగోది నిలవలేదు. దాన్ని పట్టుకునే పసుపు ముక్క, పెసరగింజంతది, లేదు. చాట దులిపాం, బెడ్‌షీట్ దులిపాం, పోపుల డబ్బాలో ఆవాలు కూడా కింద పోసి చూశాం. లేదు. అవ్వ ఆదిలాబాద్‌కు ఫోన్ చేసింది.

"భాయ్, ఎలుక బొక్క దగ్గర సూడు. పెసరగింజంత ఉంటది. పసుపుపచ్చ రంగు."

ఆయన భార్య టార్చిలైటు పట్టుకుందట, ఆయన నిచ్చెన ఎక్కాడట. రెండు గంటల తర్వాత ఫోన్ మోగింది. "దొరికింది!" అనే కేక స్పీకర్ పెట్టకుండానే గదంతా వినబడింది. ఎలుక గూడులో, కాగితం ముక్కల కింద, భద్రంగా ఉందట.

మర్నాడు బస్‌స్టాండ్ కార్గోలో ఒక చెప్పుల డబ్బా వచ్చింది. విప్పితే దూది. దూది తీస్తే ఇంకా దూది. నడిమధ్యలో ఆ పసుపు ముక్క. అవ్వ దాన్ని చిటికెన వేలి కొన మీద పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, తొట్టికి నొక్కింది. టక్. పిడి తిప్పింది. ఇరవై నాలుగు తొట్లు ఊగుతూ పైకి లేచాయి, తిరిగి వచ్చాయి. అవ్వ చిన్నపిల్లలా కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టింది. నేను ఆమె చేతులు పట్టుకున్నాను, ఇద్దరం గుండ్రంగా తిరిగాం. కింది వాటావాళ్లు ఏమైందని మెట్లెక్కి వచ్చారు. వాళ్లూ ఒక్కొక్కరు ఒక్కో చుట్టు తిప్పి పోయారు.

గ్రూపులో ఫొటో పెట్టగానే హైదరాబాద్ డాక్టర్ ఫోన్ చేశాడు. ముక్కలన్నీ ఉంటే, విప్పి సర్ది పంపితే ఇరవై ఎనిమిది వేలిస్తానన్నాడు. నేను అవ్వ వైపు చూశాను.

"విప్పాల్నా?" అంది అవ్వ.

"విప్పకుండా ఎలా పంపిస్తామవ్వా?"

"అయితె జర ఆగుమను. ఇంక పెరుగుతది."

నెల తర్వాత ఆయన ముప్పై రెండు అన్నాడు. అవ్వ ఆగమంది. తర్వాత ముప్పై అయిదు. రేటు పెరిగినప్పుడల్లా ఆమె ఆనందానికి అంతులేదు. వెంటనే ఆదిలాబాద్‌కు ఫోన్ చేసి చెప్పేది. అటువైపు పెద్దాయన తన ఆరు పెట్టెల రేట్లు అడిగేవాడు. ఇద్దరూ ధాన్యం మార్కెట్ వాళ్లలా ధరలు చెప్పుకునేవాళ్లు. అమ్మే మాట మాత్రం ఎవరూ ఎత్తేవాళ్లు కాదు.

మొన్న ఆయన కంటి ఆపరేషన్‌కు భార్యాభర్తలు కరీంనగర్ వచ్చి, మా ఇంట్లో దిగారు. ఆపరేషన్ అయ్యాక నల్లద్దాలతోనే పెద్దాయన జెయింట్ వీల్ ముందు కూర్చుని, దాని గుండ్రం వెంట రెండుసార్లు తల తిప్పాడు.

"ముప్పై అయిదు వేలంటున్నవ్ గద అక్కా, మల్ల ఎందుకమ్మవు?"

"పెరుగుతది భాయ్," అంది అవ్వ, ఎటో చూస్తూ. తర్వాత, "నీ ఆరు పెట్టెలు ఎట్లున్నయి?" అని మాట మార్చింది.

ఆయన గడ్డం గోక్కున్నాడు. ఆయన భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"అయిదే ఉన్నయి," అన్నాడు. "ఈమె ఫైరింజన్ విప్పింది. నేను నమాజ్‌కు పోయొచ్చేవరకు నిచ్చెన గూడ కట్టేసింది. నాలుగు వేలు గంగల కలిసినయి."

"మీ ఫోన్లు విని విని నాకు ఆగలే అక్కా," అంది ఆమె. "ఇంకొకటి గూడ విప్పుదామనుకుంటున్న. చిన్న పూల దుకాన్ ఉంది."

"ముట్టకు!" అన్నారు అవ్వా, పెద్దాయనా ఒకేసారి.

ఆమె వినిపించుకోలేదు. కుర్చీ ముందుకు జరుపుకుని, మా జెయింట్ వీల్ పిడిని తిప్పసాగింది. అవ్వ ఊరుకుంటుందా, పక్కన చేరి, "మెల్లగ, మెల్లగ, ఇట్ల తిప్పాలె," అంటూ తనూ చెయ్యి వేసింది. పెద్దాయన నాకేసి తిరిగి, ఈ లెక్కన పూల దుకాణం ఎన్నాళ్లు దక్కుతుందని అడిగాడు. మీరు ఊరు చేరేదాకా అని చెప్పాను.