విమల పిన్ని, కిటకిటలాడిన క్రెష్

నిన్న పొద్దున బాబాయ్ ఫోన్ చేసి, "మీ పిన్ని ఇక లేదమ్మా" అన్నారు.

"ఏ ఊరెళ్లింది బాబాయ్?" అన్నాను.

బుర్ర అంతే పనిచేసింది. ఇప్పటికీ నమ్మబుద్ధి కావట్లేదు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మా విమల పిన్ని సోషల్ పాలసీ ఎనలిస్ట్. ఒక సంక్షేమ పథకం ఎందుకు పెట్టారు, అనుకున్నది నిజంగా జరిగిందా అని తేల్చడం ఆవిడ ఉద్యోగం. ఇంట్లో మాకు మాత్రం ప్రాణసంకటం.

జిమ్‌లో చేరానని సంబరంగా చెబితే, "చేరడం సరే. లక్ష్యం బరువు తగ్గడం కదా, తగ్గావా?" అనేది.

ఫిల్మ్‌నగర్‌లో ఒక సినిమా కార్మికుల సంఘం, షూటింగ్‌లకి వెళ్లే ఆడవాళ్ల పిల్లల కోసం యూసుఫ్‌గూడలో క్రెష్ పెట్టింది. పిల్లలు రాలేదు. ఇలాగైతే మూసేస్తానన్నారు ఖర్చు భరిస్తున్న నిర్మాత. ముందు రివ్యూ చేయమని పిన్నిని పంపారు. తోడుగా నేనూ వెళ్లాను.

సంఘం సెక్రటరీ గారు కంగారుపడి, సినిమావాళ్లకి చేతనైన పనే చేశారు. జూనియర్ ఆర్టిస్టుల ఏజెంట్‌కి చెప్పి పిల్లల్ని తెప్పించారు!

మేం వెళ్లేసరికి క్రెష్ కిటకిటలాడుతోంది. పిన్ని ముచ్చటపడి ఒక పాపని పేరడిగింది.

పాప ఏజెంట్ వైపు తిరిగి, "అంకుల్, గీడ నా పేరేంది?" అంది.

పిన్ని కుర్చీలో కూలబడి, కళ్లజోడు తీసి మరీ నవ్వింది. ఆ తర్వాత సెక్రటరీ గారి పని పట్టింది.

"ఏమండీ, మన లక్ష్యం గది నిండటమా, తల్లులు పనికి వెళ్లడమా?"

"తల్లులేనండీ."

"మరి వాళ్లంతా గోడ బయట నిలబడ్డారేంటి?"

పాపం, పిల్లల్ని తీసుకురావడానికి ఆ తల్లులు ఆ రోజు షూటింగ్ మానుకున్నారు. వాళ్లలో ఒకావిడ చెప్పింది: "షూటింగ్ వ్యాన్ తెల్లారకముందే వస్తది మేడమ్. గిదేమో పదింటికి తెరుస్తరు. పిల్లను ఏడ పెట్టి పోవాలె?"

మూయడం కాదు, టైం మార్చండని పిన్ని ఆ నిర్మాతతో పోట్లాడింది. క్రెష్ వ్యాన్ కంటే ముందే తెరవడం మొదలైంది. ఈసారి నిజంగానే నిండింది.

ఈరోజు పిన్నికి గౌరవంగా క్రెష్‌కి సెలవు ఇద్దామనుకున్నారట సెక్రటరీ గారు. తెల్లవారుజామున గేటు దగ్గర తల్లులు ఊరుకోలేదట.

"మేడమ్ ఉంటే మూయనిస్తుండెనా? పొద్దుగూకినంక ఏడుద్దాం. జర గేటు తియ్యుండ్రి."

తీశారు.

అది విన్నాక, నిన్నటి నుంచి రాని ఏడుపు వచ్చింది నాకు.

అనుకున్నది జరిగింది పిన్నీ.

ఇక ఎవరినీ నిలదీయకుండా హాయిగా నిద్రపో. నువ్వెక్కడున్నా నీ ఆత్మ చల్లగా ఉండాలి.