ఓడినవాడికి జోడు వెతకడం

ఉద్యోగ విరమణకు ముందు ఏడాది, వేసవిలో, నన్ను చిక్కబళ్ళాపురానికి బాక్సింగ్ కోచ్‌గా బదిలీ చేశారు. అక్కడ నా చేతికొచ్చిన హెవీవెయిట్ ఒక్కడే. బాగేపల్లి దగ్గర వేరుశనగ రైతు కొడుకు, గంగాధర. నేను చేరేనాటికి రాష్ట్ర పోటీల్లో కుడిచేతి దెబ్బకు నాకౌట్ అయి, డాక్టరు విధించిన విశ్రాంతిలో ఉన్నాడు.

నాకౌట్ అయినవాణ్ణి మళ్ళీ రింగులోకి దింపడానికి డాక్టరు అనుమతి ఒక్కటే చాలదు. తరవాత ఎవరితో ఆడించాలన్నది కోచ్ తేల్చాలి. తక్కువ బరువు వాళ్ళ విషయంలో పొరపాటు చేసినా దిద్దుకోవచ్చు. హెవీవెయిట్‌లో ఒక్క గుద్దుతో అంతా ముగుస్తుంది. సాధనలో ఎదుటివాడి కుడిభుజం కదిలితే చాలు, గంగాధర కళ్ళు మూసుకొనేవాడు. ఇంకోసారి ఓడితే ఆట మానేస్తానని ఇంట్లో చెప్పేశాడు కూడా.

అతని ఖర్చులు భరించే అన్న రామచంద్రకు బాగేపల్లిలో ఎరువుల అంగడి. ఒకప్పుడు పందెం కోళ్ళు పెంచిన మనిషి. చింతామణి ఊరి మండీలో మూటలు మోసే, ఆట సరిగా రాని ఒక భారీ మనిషిని జోడుగా పెట్టమన్నాడు.

"ఓడిన కోడికి బక్క కోడిని జోడు పెడతారు సార్, ధైర్యం వస్తాది. వాడు ఒగ గుద్దుకే పడతాడు."

తాను కొట్టింది బక్కదాన్నని కోడికి తెలియదు, మనిషికి తెలుస్తుందన్నాను. నేను ఎంచింది చింతామణిలోనే మెకానిక్‌గా పనిచేసే బాక్సర్ మునిరాజును. కుడిచేత్తో ఎడతెరిపి లేకుండా గుద్దుతాడు, కానీ గుద్దులో బరువుండదు. చివరి రౌండు దాకా నిలబడతాడు. ఆ కుడిచేయి వద్దని రామచంద్ర మొత్తుకున్నాడు. నాకు కావలసింది అదేనన్నాను.

అన్నానే గాని, ఆ రోజు నుంచి కాలుగాలిన పిల్లిలా తిరిగాను. మునిరాజు దెబ్బ గట్టిపడిందని ఎవరో చెబితే నిద్ర పట్టక చింతామణి వెళ్ళి చూశాను. వాడు కొడుతుంటే సాధనకు వేలాడదీసిన సంచి ఊగిన తీరు నాకు నచ్చలేదు. పోటీ రద్దు చేద్దామా అని తిరుగు బస్సులో దారి పొడవునా కొట్టుమిట్టాడాను. ఊరు వచ్చినా ఏమీ తేలలేదు. రద్దు చేయలేదు.

పోటీ చింతామణిలోనే. మొదటి రౌండంతా గంగాధర కళ్ళు మూసుకొనే దెబ్బలు తిన్నాడు. కోచ్ రింగులోకి తువ్వాలు విసిరితే ఓటమి ఒప్పుకొన్నట్లు. అది నా చేతిలోనే ఉంది.

"తువ్వాలు యేసేయండి సార్, చంపేస్తాండాడు!" అని వెనక నుంచి రామచంద్ర అరిచాడు.

రెండో రౌండులో ఒక కుడి గుద్దు సూటిగా చెంపకు తగిలింది. గంగాధర పడలేదు. ఇంతేనా అన్నట్టు నిలబడి చూశాడు. ఆ తరవాత కళ్ళు మూయలేదు. మూడో రౌండులో వచ్చే ప్రతి గుద్దునూ చూసి తప్పుకొని, పాయింట్ల మీద గెలిచాడు.

చేతి కట్లు విప్పుతుంటే మెల్లగా అన్నాడు: "దెబ్బ యాడినుంచి వస్తాండాదో అంతా కనపడింది సార్. భయం పోయింది. ఇంగ నేను ఆడను."

నాకు ఒళ్ళు మండింది. గెలిచినప్పుడు మానడమేమిటని కేకలేశాను.

"ఓడి మానుంటే భయపడి మానేసినానని సచ్చేదాకా అనుకొంటా ఉందును. ఇప్పుడు ఇష్టం లేక మానేస్తాండాను."

ఉన్న ఒక్క హెవీవెయిట్ పోయాడని ఆ ఏడాదంతా గొణుక్కున్నాను. ఓడినవాడికి జోడు వెతికేది గెలిపించడానికే అని అప్పటిదాకా అనుకొనేవాణ్ణి. ఆటలో ఉండాలా, పోవాలా అన్నది వాడి భయం కాక వాడే తేల్చుకొనేలా చేయడానికి వెతకాలి. తేల్చుకొన్నాక కోచ్ నోరు మూసుకోవాలి.