కదిలే విత్తనం

మా వైపు చేపపిల్లల్ని విత్తనం అంటారు. హేచరీలో పెంచిన వేలెడంత పిల్లల్ని చెరువులో వదిలితే విత్తనం వేసినట్టు. కానీ గింజ వేసిన చోటే మొలుస్తుంది. చేప వేసిన చోట ఉండదు.

ఆదివారాలు నేను పెద్దేముల్ దగ్గర మా అక్క ఊరికి పోతాను. బావకు గొర్రెలు బతుకుదెరువు, గాలం ప్రాణం. తొలకరికి కొర్రమట్ట, అంటే కొర్రమీను, పిల్లలు ఎర్రగా గుంపుకట్టి నీటి మీద తేలుతాయి. కింద పెద్దమట్ట కాపలా తిరుగుతూ, దగ్గరికి ఏది వచ్చినా కొడుతుంది. అప్పుడు దాన్ని పట్టడం తేలిక. అయినా ఆ ఊళ్లో ఎవరూ గాలం వేయరు.

"బాలింతను పడుతమా?" అంటాడు బావ.

కాపలా ఎక్కువగా మగదే కాస్తుందని తాండూరు గ్రంథాలయంలో చదివి చెప్పాను.

"అయితే నా అసొంటిదే. మీ అక్క ఏనాడన్న గొర్రెల కాడికి వచ్చిందా?"

పోయినేడు సర్కారు ఇచ్చే రవ్వ, బొచ్చె చేపల విత్తనం రావడం ఆలస్యమైంది. బావ, ఇంకొందరు కలిసి టెంపోలో వచ్చినవాడి దగ్గర కొని చెరువులో వేశారు. నేను పోయేసరికే అంతా అయిపోయింది.

"ఏం విత్తనం బావా?"

"మీసాలది. మస్తు పెరుగుతదట. గాలానికి ఎగబడతదట. ఎసొంటి నీళ్లల్లనైనా సావదట."

అది ఆఫ్రికా క్యాట్‌ఫిష్ అని, పెంచడమే నిషేధమని, నోట్లో పట్టే ప్రతి చేపనూ తింటుందని చెప్పాను.

"బుక్కులు సదివి చేపలకు గూడ జాతకం చెప్తున్నవ్ బామ్మర్ది. మా మట్ట ముందట అదెంత!"

ఈ ఏడు తొలకరికి పోతే చెరువు గట్టున కప్పల అరుపు లేదు. ఎరను కొరికే చిన్న చేపలు లేవు. గాలానికి పడ్డవన్నీ మీసాలవే. ఒకటి ఎంతసేపటికీ చావక, తడిగడ్డిలో పాకుతూ నీటివైపు పోయింది. బావ దాన్ని చూసి నవ్వలేదు.

తుంగ పక్కన ఎర్రటి గుంపు తేలింది. అలవాటుగా గాలాలు తీసేశాం. అంతలో కింద నీళ్లు సుడి తిరిగాయి. పళ్లెమంత గుంపు అరచేయంత అయింది. పెద్దమట్ట ఒకవైపు తరుముతుంటే, మరోవైపు నల్లటి వీపు లేచింది.

"దాన్నే పడుత," అని బావ తన బతుకులో మొదటిసారి పిల్లల పక్కన గాలం వేశాడు.

బెండు మునిగింది. బలంగా లాగాడు. పైకి వచ్చింది పెద్దమట్ట.

కొక్కెం ఊడదీసి, దాన్ని మెల్లగా నీళ్లలో వదిలాడు. అది దిగిన చోట పిల్లల ఎరుపు లేదు.

"ఏం జేద్దాం బామ్మర్ది?" అన్నాడు.

వాన అందుకుంది. గట్టు మీద పోతున్న ఒకాయన సంబరంగా కేకేశాడు: "ఈపాలి అలుగు పారుతది!"

చెరువు నిండి అలుగు దాటిన నీళ్లు, వాటితో చేపలు, కింది చెరువులోకి, అక్కడినుంచి కాగ్నా నదిలోకి పోతాయి. బావ అటే చూస్తూ వానలో నిలబడ్డాడు.