అంచు వదిలేసి కొలిచిన కార్డు

మొన్న కర్నూలులో మా ఆఫీసుకు కొత్త కంప్యూటరు వచ్చింది. తెచ్చినాయన మూత తీసి, గ్రాఫిక్స్ కార్డు బిగించి, మూత పెట్టి, నేను టీ గ్లాసు కింద పెట్టేలోపు సంతకం చేయించుకుని వెళ్లిపోయాడు. ఆ పని అంత చప్పగా జరగగలదని నేననుకోలేదు. నేను చూసిన మొదటి గ్రాఫిక్స్ కార్డు ఏళ్ల కిందట ఎర్రగుంట్లలో, ఒక ఆదివారం, ఒక బండల ఫ్యాక్టరీ తాళం తీయించి మరీ కంప్యూటరు లోపలికి దిగింది.

మా చిన్నాన్న అక్కడ బండల పాలిష్ ఫ్యాక్టరీలో మేస్త్రీ. ఆయన కూతురు, మా చెల్లెలు, ఇంజనీరింగ్ చదివి రెండేళ్లుగా ఇంట్లోనే ఉంది. కట్టబోయే ఇంటిని ముందే కంప్యూటర్లో కట్టి, గదిగదికీ మనల్ని తిప్పి చూపించే విద్య నేర్చుకుంది. కడపలో ఒక బిల్డరు ఆఫీసు వాళ్లు ఒక ప్లాను ఇచ్చి, సోమవారం పొద్దున వీడియో తెమ్మన్నారు, నచ్చితే ఉద్యోగం అన్నారు. తన దగ్గరున్నదేమో ఎవరో ఆఫీసులో వాడి తీసేసిన బుల్లి కంప్యూటరు డబ్బా, పట్టుచీర అట్టపెట్టె అంత. ఇల్లు గీయమంటే గీసేది గాని, తలుపు తీసి లోపలికి నడవమంటే మొరాయించేది. బొమ్మల్ని పరుగెత్తించే గ్రాఫిక్స్ కార్డు వేస్తే తప్ప సోమవారానికి వీడియో తేలదు.

తను ప్లాను ముందు నుంచి కదల్లేదు కాబట్టి శనివారం చిన్నాన్నే బయల్దేరాడు. ఎలాంటి కార్డు కావాలో చెల్లెలు చీటీ రాసిచ్చింది. డబ్బాలో పొడవు, వెడల్పు ఎంత ఖాళీ ఉందో ఆయనే కొలుచుకుని, టేపు జేబులో వేసుకుని కడప పోయి, పాత కంప్యూటర్ల అంగడిలో కొలత కుదిరిన కార్డు ఒకటి పట్టుకొచ్చాడు. ఆదివారం చర్చి అయ్యాక నేను వెళ్లేసరికి మూత తీసిన డబ్బా బల్ల మీద ఉంది. కార్డు మీద చేయి పెట్టి ప్రార్థన చేయబోయిన పిన్నిని చెల్లెలు గబుక్కున ఆపింది. "దూరం నుంచే చేయి మా. చేతిలో ఉండే కరెంటుకు అది పోతాది." పిన్ని రెండడుగులు వెనక్కి జరిగి, కాస్త గొంతు పెంచి చేసింది.

కార్డు చివర, వైర్లు గుచ్చే వైపు, నిలువుగా ఒక రేకు పట్టీ ఉంటుంది. డబ్బాకు స్క్రూతో బిగించేది దాన్నే. మా కార్డు పొట్టిదే గాని పట్టీ మాత్రం పెద్ద డబ్బాలకు వేసే పొడుగుది. అది అడ్డం తగిలి కార్డు గాడిలోకి దిగనే లేదు.

"కొలిచి తెచ్చినా అంటివి కద నాయినా," అంది చెల్లెలు.

"కొలిచినా. పొడవూ వెడల్పూ సరిగ్గానే ఉండాయి."

"ఈ రేకు కొలవలేదా?"

"అది అంచు కదమ్మా. అంచు యాడైనా కొలుస్తారా?"

నాకు నవ్వాగలేదు. బండల దగ్గర పద్ధతి అంతే. గనిలోంచి వచ్చిన బండకు చుట్టూ వంకర అంచు ఉంటుంది, ఎలాగూ కోసి పారేసేదే కాబట్టి టేపు దాన్ని వదిలేసి నికరంగా తేలే పలకకే పెడతారు. ఇన్నేళ్లుగా ఆయన చేయి అలాగే అలవాటు పడింది. చెల్లెలు మాత్రం నవ్వలేదు. ఆదివారం కడపలో ఆ అంగడి తీయరు. స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టేసి, "రేపు రాలేనని బిల్డరాఫీసుకు ఫోన్ చేసి చెప్తా, అన్నా," అంది నాతో, కళ్లు తుడుచుకుంటూ.

చిన్నాన్న లేచి నిలబడ్డాడు. "చెప్పేది లేదు. అంచు కొలవం, సరే. కోస్తాం కదా."

ఆ మాటతో ఇంట్లో అందరికీ ప్రాణం లేచొచ్చింది. చెల్లెలు పట్టీ ఒక్కటే విప్పి ఇచ్చి, రాళ్ల దుమ్ము పడుతుందని కార్డును గడప దాటనివ్వలేదు. నా బండి మీద నేనూ చిన్నాన్నా ఫ్యాక్టరీకి పోయాం. తాళం తీస్తూ వాచ్‌మన్, "ఆదివారం ఏం కోత మేస్త్రీ," అంటే చిన్నాన్న అరచేతిలో ఉన్న రేకు ముక్క చూపించి, "శానా పెద్ద పని అప్పా," అన్నాడు. అంతంత బండలు కోసే మనిషి ఆ ముక్కను వేలికొసలతో పట్టుకున్నాడు. ఈసారి అంచుతో సహా మూడుసార్లు కొలిచాడు. గ్రైండరుతో కోసి, బండకు ఆనించి సుత్తితో మడత వంచి, స్క్రూకు బొక్క వేశాడు. తిరుగు దారంతా బండి తొందరగా పోనీయమని నా వీపు మీద పొడుస్తూనే ఉన్నాడు.

చెల్లెలు పట్టీ బిగించి, కార్డును గాడిలో పెట్టి రెండు బొటనవేళ్లతో అదిమింది. టక్కుమంది. మడత కాస్త వంకరగా వచ్చినా స్క్రూ పట్టింది, మూత పడింది. తెర మీద కార్డు పేరు కనబడగానే తను నా వీపు మీద చరిచిన చరుపు ఇంకా గుర్తుంది. వీడియో తయారవడం మొదలైంది. మిగిలిన సమయం మూడు గంటలని తెర మూలన అంకె వచ్చింది. పిన్ని పొయ్యి మీద పాలు మరిచిపోయి వచ్చి కూర్చుంది. చిన్నాన్న ఆ అంకె మీద నుంచి చూపు తిప్పలేదు. "తగ్గుతాంది మ్మే, తగ్గుతాంది," అంటూనే ఉన్నాడు.

సోమవారం చెల్లెలికి ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు ఈ వయసులో నాకు మిగిలిన కాలం గురించి ఎవరైనా కదిపితే నేను మాట మారుస్తాను గాని, ఆ సాయంత్రం మాత్రం మిగిలిన సమయం కళ్లముందే తగ్గిపోతుంటే నలుగురం కూర్చుని పండగలా చూశాం.