కొండమీది ఇంట్లో అయిదు గంటల వేడినీళ్లు

దయ్యాలు, గాలి, ధూళి... వీటిని నేను ఏనాడూ నమ్మలేదు. పుంగనూరులో ముప్పై ఏళ్లు సిమెంటు, ఇనుము అమ్మినవాణ్ణి. అంగట్లో ఏదైనా కనపడకుండా పోయిందంటే దాని వెనక ఒక మనిషి చెయ్యి ఉంటుందని నా లెక్క. ఆ లెక్కతోనే ఒక మనిషి పరువు తీశాను. అందుకే ఇది రాస్తున్నాను.

తొంభై అయిదులో మదనపల్లె దగ్గర హార్సిలీ కొండ మీద నాలుగు గదుల పెంకుటిల్లు కొన్నాను. ఎండాకాలం చల్లదనానికి వచ్చేవాళ్లకు గదులు అద్దెకిస్తే ఆరేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుందని ఒక కాగితం మీద రాసుకున్నాను. అది మా ఆవిడకు చూపించి, ఆమె గాజులు కూడా అందులోకి లాగాను. ఆ కాగితంలో రాయనివన్నీ తర్వాత ఒక్కొక్కటే బయటపడ్డాయి.

సీజను గట్టిగా పది వారాలు. ఖర్చు మాత్రం ఏడాది పొడుగునా. ఇల్లు తాళం వేసి ఉన్నా కరెంటు బిల్లు వస్తుంది. వానాకాలంలో కోతులు పెంకులు పీకి పారేస్తాయి. పరుపుల్లో దూది ఏటా ఏకించకపోతే ముక్కవాసన. వచ్చినవాళ్లు పోతూ పోతూ బల్బులు, గ్లాసులు సంచిలో వేసుకుంటారు. ఒకాయన బాత్రూము గొళ్లెం కూడా ఊడదీసుకుపోయాడు. దాంతో ఏం చేసుకున్నాడో ఆ మహానుభావుడు!

ఇవన్నీ ఓర్చుకున్నాను. కట్టెల ఖర్చు మాత్రం ఓర్చుకోలేకపోయాను. కొండ మీద ఏప్రిల్లోనూ పొద్దున్నే చలి. పెరట్లో రాగి అండాలో నీళ్లు కాచి గదికి రెండు బకెట్లు ఇచ్చేవాళ్లం. మదనపల్లె నుంచి తెచ్చే ఒక ట్రాక్టరు కట్టెలు నెల రావాలి. ఇరవై రోజులకే అయిపోయేవి.

నీళ్లు కాచేది, ఇల్లు కాపలా కాసేది వెంకట్రామప్ప. రామకుప్పం మనిషి, నలభై అయిదేళ్లుంటాయి. నాలుగేళ్లుగా నా దగ్గరే. సీజను అయిపోయాక ఊరికి వెళ్లి, రాగులు నూర్చే కళ్లాల దగ్గర కాపలా పని చేసుకునేవాడు.

ఐదో ఏడు కుప్పం నుంచి వచ్చిన ఒక టీచరు, గది ఖాళీ చేస్తూ నన్ను తెగ మెచ్చుకున్నాడు. అయిదు గంటలకల్లా, అడగకముందే, ఒక ముసలాయన గుమ్మం ముందు వేడినీళ్లు పెట్టి పోతున్నాడట. తలకు తువ్వాలు, వంగిన నడుము. మాట్లాడడట. చేతిలో అయిదు రూపాయలు పెట్టబోతే తీసుకోలేదట. అంతకు ముందు మరో ఇద్దరు కూడా ఇలాగే అన్నారు గాని నేను చెవిన పెట్టలేదు.

నాకు వెంటనే వెలిగింది. మేము నీళ్లు ఇచ్చేది ఆరున్నరకు. అంటే వెంకట్రామప్ప నా కట్టెలతో దొంగచాటుగా నీళ్లు కాచి, ఎవడో ముసలివాణ్ణి పెట్టుకుని సొంత వ్యాపారం చేస్తున్నాడు. ఒకరు డబ్బు తీసుకోలేదన్నారు సరే, మిగిలినవాళ్లు ఇచ్చి ఉండరా?

పిలిచి అడిగాను. అతను నన్నే వింతగా చూశాడు.

"అయిదుకు నేను లేయనే లేయనప్పా. ముసలాయన ఎవరో నాకు తెల్దు. కాణిపాకం పోదాం రాండి, గుళ్లో నిలబడి ప్రమాణం చేస్తా."

మా జిల్లాలో ఆ మాట అన్నాక ఇంకెవరూ వాదించరు. దేవుడి ముందుకు వెళ్లి, ప్రమాణం చేయించుకుని, అంతటితో వదిలేస్తారు. నేనేం చేశానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఇద్దరికి రానూపోనూ బస్సు చార్జీలు, సీజనులో ఒక రోజు నష్టం లెక్క వేసి, ప్రమాణాలేమీ అక్కర్లేదు వెళ్లిపొమ్మన్నాను. తనను ప్రమాణానికి కూడా పనికిరానివాడిగా చూస్తున్నానని అతనికి అర్థమైంది. దుప్పటి మడత పెట్టుకుని వెళ్లిపోయాడు.

అంతటితో ఊరుకున్నానా? రామకుప్పం నుంచి సిమెంటుకు వచ్చిన ఒకాయనతో, మీ ఊరివాడు కట్టెల దొంగ అని నోరు పారేసుకున్నాను.

మరుసటి ఏడు ఖర్చు తగ్గించాలని అంగడి తమ్ముడికి అప్పగించి నేనే కొండ మీద ఉన్నాను. కట్టెల గదికి కొత్త తాళం కొని, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాను. మొదటి రోజు సాయంత్రం అండా కడిగించి బోర్లించి పడుకున్నాను.

పొద్దున అయిదున్నరకు తలుపు తీశాను. అప్పటికే వెలుతురు వచ్చింది. నాలుగు గదుల ముందు నాలుగు బకెట్లు, అందులో ఒకటి నా గది ముందు. పొగలు వస్తున్నాయి. వేలు పెట్టి చూస్తే చురుక్కుమంది. పెరట్లోకి వెళ్లాను. అండా పొయ్యి మీద ఉంది, కింద నిప్పులు ఇంకా ఎర్రగా ఉన్నాయి. కట్టెల గదికి వేసిన తాళం వేసినట్టే ఉంది. తీసి చూస్తే ఎనిమిది కట్టెలు తక్కువ. నిన్న సాయంత్రం ఎంచి పెట్టింది నేనే.

భయపడ్డానా అంటే, భయపడ్డాను. కాని నీళ్లు చల్లారిపోతున్నాయి, నా కట్టెలతో కాగిన నీళ్లు. వాటితోనే స్నానం చేశాను.

ఆ రోజు వాల్మీకిపురం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, మీ ముసలాయన చన్నీళ్లు కలిపి మరీ ఇచ్చాడని సంతోషపడింది. ఎలా ఉన్నాడని అడిగాను. తువ్వాలు, వంగిన నడుము. అవే మాటలు. సీజను అయ్యేదాకా రోజూ ఇదే వరస. రెండు రోజులు అయిదుకు ముందే లేచి పెరట్లో కూర్చున్నాను. ఆ రెండు రోజులు మాత్రం నీళ్లు రాలేదు. ఇల్లు అమ్మినవాళ్లను అడిగితే, అలాంటి పనివాడు తమ దగ్గర ఎప్పుడూ లేడన్నారు. కట్టెలు మాత్రం వెంకట్రామప్ప ఉన్నప్పుడు ఎన్ని అయ్యాయో అన్నే అయ్యాయి.

జూన్ ఆఖర్లో పలమనేరు మీదుగా రామకుప్పం వెళ్లాను. వెంకట్రామప్ప టీ అంగడి ముందు బెంచీ మీద ఉన్నాడు. చిక్కిపోయాడు. దొంగతనం చేసి వచ్చినవాడికి కళ్లం ఎవరు అప్పగిస్తారు? ఆ ఏడాది అతన్ని ఒక్కరూ కాపలాకు పిలవలేదట. నా నోటి పుణ్యం అది.

పక్కకు రమ్మని, పని మాన్పించిన రోజుల జీతం డబ్బు ఇవ్వబోయాను. ముట్టుకోలేదు. అయితే కాణిపాకం పోదాం, చార్జీలు నావే అన్నాను.

"ఇప్పుడు కాణిపాకం యాలప్పా? నా పేరు పోయింది ఈడ. ఈడనే చెప్పండి."

టీ అంగట్లో పదిమంది దాకా ఉన్నారు. కట్టెల లెక్క నేనే తప్పు వేశాను, ఇతను దొంగ కాదు అన్నాను. వెంకట్రామప్ప తల అడ్డంగా ఊపాడు.

"అది గాదప్పా. మీరు లెక్క తప్పరని ఈళ్లందరికీ తెలుసు. జరిగింది చెప్పండి."

నిజమే. నా అంగట్లో సిమెంటు కొన్నవాళ్లే అందులో నలుగురున్నారు. వేరే దారి లేదు. తాళం వేసిన గదిలోంచి కట్టెలు పోవడం, మనిషి లేకుండా నీళ్లు కాగడం, ముసలాయన సంగతి, అన్నీ చెప్పాను. ముందు ఒకడు నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. కొండ మీద సారా బాగా దొరుకుతుందా అని ఒకడు అడిగాడు. ఆ ముసలాయన ఎవరని ఇంకొకడు అడిగితే తెలియదన్నాను. ఇప్పటికీ తెలియదు.

వెంకట్రామప్ప ఒక్కడే నవ్వలేదు. బెంచీ మీంచి లేచి నా పక్కన వచ్చి నిలబడ్డాడు.

"ఇంకోసారి చెప్పండప్పా," అన్నాడు. "ఎనకుండేవాళ్లకు ఇనపడలేదు."

మళ్లీ మొదటి నుంచి చెప్పాను.